సాగిన బెల్టు

టేపురికార్డరు బాగుచెయ్యమని ఇచ్చిపోయిన
ఇంజినీరింగు కాలేజీ పిలగాడు మళ్ల రాలే.
పోచమ్మమైదాన్ల మా అరుగు మీది దుకాణంల
మూడు నెలలు చూసి నాయిన మూత తీసిండు.
లోపల ఒక క్యాసెట్టు.
కాలిన్ హెబ్డెన్. రాక్.

రాక్ అంటే రాయి అని చెప్పిన,
ఏడో తరగతి ఇంగ్లీషు నాది.
"ఓరుగల్లుకే రాయి తెచ్చిండా!" అని నవ్విండు.

నాయినకు చెవులు సగమే.
మిగతా సగం ఆజంజాహి మిల్లు సాంచాలు తిన్నయి,
పందొమ్మిదేండ్లు, షిఫ్టుకింత.
స్పీకరు గుడ్డ మీద అరచెయ్యి ఆనిచ్చి వినేటోడు,
పసిపిల్లకు జెరమొచ్చిందా అని చూసినట్టు.
మొదటి పాట ఒడవకముందే అన్నడు:
"వీడు సాంచాల నడుమ పెరిగినోడే.
నాడె ఎక్కడ మర్రి వస్తదో వీనికి ఎరుకే."

అట్టల మడతల కాయితం, చీమలంత అక్షరాలు.
డిక్షనరీ పట్టుకొని రోజుకో మడత విప్పిన.
ఇంగ్లండుల వాన విడువని మిల్లు ఊరు.
తల్లి మగ్గాల కాడ.
నాయిన నా దిక్కు చూసిండు, ఏమనలే.
పద్నాలుగేండ్లకు సైకిలమ్మి గిటారు కొన్నడు.
డబ్బాబండి వెనుక పండుకొని ఊరూరు తిరిగిండు.
ఇరవై రెండుకు మైదానాలు నిండినయి,
ముప్పైకి తాగి, వైర్ల నడుమ పడ్డడు.
తర్వాత ఏడేండ్లు ఏమైండో రాయలే.
"మిల్లు మూసిర్రేమో" అన్నడు నాయిన.
మర్రి వచ్చేటాల్లకు గొంతు సగమే మిగిలింది.
ఆ సగంతోటి పాడిందే ఈ క్యాసెట్టు.

టేపు బెల్టు సాగిపోతే
సైకిలు ట్యూబు సన్నగ కోసి ఏసిండు నాయిన.
అది గూడ సాగింది.
అందుకే మా కాలిన్ తొందరపడకపోయేటోడు.
కాజీపేట మలుపుల బొగ్గు గూడ్సు లెక్క
ఒక్కొక్క మాట బరువుగ ఈడ్సుకొచ్చేటోడు.

మొన్న ఎమ్జీఎంల రాత్రి డ్యూటీ,
రక్తం సీసాలకు పేర్లు రాసుకుంట ఫోను చూసిన.
కాలిన్ హెబ్డెన్, డెబ్బై ఎనిమిది, లేడు.
ఆఖరి పదేండ్లు చెవులు పనిచెయ్యలేదట,
డ్రమ్ము మీద చెయ్యి పెట్టి పాట నడిపేటోడట.

చెవుల వైర్లు పెట్టుకొని అదే పాట పెట్టిన.
ఎవడో పిలగాడు!
సన్న గొంతు, బస్సు తప్పిపోతున్నట్టు ఉరుకుతున్నడు.
అసలు పాట అదేనట.
బందు చేసిన.

పొద్దుగాల ఇంటికొచ్చి అటుక మీదికెళ్లి దించిన.
నాయిన లేక ఆరేండ్లు. ట్యూబు ముక్క పొడిపొడి అయింది.
పెన్సిలు గుచ్చి రీలు తిప్పిన, చప్పుడేం రాదు.
ఊకనే గుడ్డ మీద చెయ్యి పెట్టి చూసిన.

టేపుకు దారంతోటి కట్టిన చీటి ఇంకా ఉన్నది,
నాయిన రాత: బెల్టు, హెడ్డు కడుగుడు,
పద్దెనిమిది రూపాయలు బాకీ.
ఆ పిలగాడొస్తే ఇయ్యాలె గదా.