లోతు రాయని జాగ

వంతెన పడ్డంక నా నావ ఎండకు పగిలింది.
ప్రాణహిత మీదికెల్లి బస్సులు పోతుంటె
గడకు గడ్డమానిచ్చి సూసుకుంట కూసునేటోన్ని.
గప్పుడచ్చిండు ఆయన,
ఎరువుల దుకాణం మీది గదిల కిరాయికుండే ముసలాయన.
సంకల సీసపు గుండు, ముడులేసిన తాడు, లెక్కల బుక్కు.
"నది లోతు కొలవాలె. రోజుకెంత?" అన్నడు.

కొమెర ఓదెలు. మన సిరొంచ పేరే.
అటవీ డిపోల టేకు దుంగలకు నంబర్లేసిన నర్సయ్య కొడుకు.
నేవీల ముప్పై ఏడేండ్లు, చివరికి అడ్మిరలట.
"నోరు తిరుగక ఓడేలు, ఓడేలు అనేటోళ్లు.
ద తీసి డ పెట్టి నన్నే ఓడను జేసిండ్రు" అని నవ్విండు.
కారు ముందట రెండు చుక్కలుండేయట.
ఓడెక్కితే ఈల ఊదేటోళ్లట,
దిగితే మళ్లొకటి.

ఇప్పుడు నవంబరొస్తే బ్యాంకు లైన్ల
హయాతీ దాఖలాకు నిలబడతడు,
మనిషి బతికున్నడని మరాఠీల ఒక కాయితం.
మిషిను ఆయన బొటనేలు పట్టలే.
నా పింఛనుకు నేను పెట్టిన, నాదీ పట్టలే.
ఇద్దరి గీతలూ తాళ్లే తిన్నయి.
"ఉద్యా యా" అన్నడు బ్యాంకు పోరడు.
రేపటి దాక సచ్చినోళ్ల లెక్కలున్నం ఇద్దరం,
బయటికొచ్చి చాయ తాగినం.

పొద్దుగాల మంచుల బయలెల్లేది.
గుండు అడుగున చిన్న గుంత, దాంట్ల బట్టల సబ్బు మెత్తి
నీళ్లల్ల ఇడిసేటోడు. ముడులు లెక్కవెట్టి పైకి గుంజి
సబ్బుకంటింది ఏలుతోని నలిపి సూసేటోడు.
ఇసుక. నల్లమన్ను. మళ్ల ఇసుక.
ఒకసారి నత్తగుల్ల, దాన్ని జేబులేసుకున్నడు.
"తుపాకులు గాదు పోశం నా కొలువు.
ఎవరి ఓడా అడుగు తగలకుండ
సముద్రం మీద అంకెలు రాసుడు."
నాకు గడ సాలు. కొస తగిలిన సప్పుడే చెప్తది.
నా మాటకూ ఆయన తాడుకూ జానెడు తేడా వస్తె
ఆ జానెడు కోసం మళ్ల నావ తిప్పమనేటోడు.
కోపమొచ్చి అన్న:
"వానకాలం రెండు నదులు కలిసి లేస్తె
ఇసుకంత జరుగుతది సారూ, నీ బొమ్మ ఆరు నెలలుండది."
"ఎరుకే" అన్నడు, తాడు చుట్టుకుంట.

సంగమానికి ఇవతల, నీళ్లు నల్లగ సుడి తిరిగే కాడ
ఆయన గుండెత్తిండు. నేను తెడ్డాపిన.
"ఇక్కడొద్దు సారూ. మా లచ్చులున్నడు."
పుష్కరాల ముందటేడు పడవ బోర్లపడితె
తొమ్మిది మందిని ఒడ్డుకేసి
పదో మనిషి కోసం మళ్ల దుంకిండు మా తమ్ముడు.
ఆయన గుండును సప్పుడు గాకుండ పలక మీద పెట్టిండు.
చానసేపటికి పెన్సిలు తీసిండు.
చుట్టూత రాసిండు, మూడు బారలు, నాలుగు, నాలుగున్నర.
నడుమ తెల్లగ ఇడిసిండు.
"నాకూ ఒకటున్నది, నికోబార్ దిక్కు.
దానికి మాత్రం అంకె రాసిన. రాయాల్సొచ్చింది."
ఎవలని నేనడుగలే.

శ్రావణంల వరదొచ్చింది.
మూడొద్దులు వంతెన మీద బస్సులు బందు.
పగుళ్లకు తారు పూయమని
తహసీలు జీపే నా గుడిసె ముందట ఆగింది.
నీళ్లు గుంజినంక సూస్తె
నాలుగు బారలున్న కాడ మేకలు తిరుగుతున్నయి.
పటమంతా పాయె, ఇగ రాడనుకున్న.

దీపావళి ఎల్లిన తెల్లారి వచ్చిండు, కొత్త బుక్కుతోని.
తెరిచి సూపిండు.
అంకె ఒక్కటి లేదు, ఒడ్డు గీత గూడ లేదు,
పేజీ నడుమ చేతితో గీసిన గుండ్రం,
లోపల తెలుపు.

ఆయన నావల కాలు పెడుతుంటె
రెండేళ్లు నోట్లె పెట్టి ఈలేసిన, నగుబాటుకే.
నవ్వుతడనుకున్న.
ఒక కాలు నావల, ఒక కాలు బురదల,
ఎన్నుపూస నిలబెట్టి అట్లనే ఆగిండు.
కొంగలు లేసినయి.
"నావ ఊగుతున్నది సారూ, కూసోండ్రి" అన్న.