ముప్పై ఒక్కసార్లు మనిషి

చలి నాకు కొత్తేం కాదు.
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
రోహిణి కార్తెలో కూడా స్వెట్టరు తొడుక్కుని
మిరప టిక్కీల మధ్య టార్చి పట్టుకు తిరిగేవాణ్ణి.
అదే చెప్పాను మెహజబీన్‌తో,
వాలంటీర్లు కావాలని టీ కొట్టు గోడకి కాయితం అంటిస్తుంటే:
"చలి నా ఉద్యోగం తల్లీ, కొండ చూపించు చాలు."

ధనుర్మాసం.
శనివారం రాత్రి సోమ్లా తండాలో పడక,
తెల్లారకముందే కొండవీడు వెనక వాలు.
సీతాఫలం ఆకుల మీంచి మంచు మెడలోకి జారుతుంటే
ముందు సోమ్లా, వెనక నేను.
ఆరు చెట్లకి ఆరు కెమెరాలు, మోకాలెత్తున.
ఇంకా పైకి కడితే నక్క కింద నుంచే పోతుంది,
కిందికి కడితే గాలికి కూడా ఫొటో తీస్తుంది.
మొదటి వారం మాకు దొరికినవి
నాలుగు వేల గడ్డిపోచలు.

కార్డు మార్చాక, బ్యాటరీలు మార్చాక
దాని ముందు జంతువులా నడిచి చూపించాలి.
ఎర్ర చుక్క వెలిగితే పనిచేస్తున్నట్టు.
యాభై నాలుగేళ్ల యేసుపాదాన్ని,
మోకాళ్లు టకటకమంటుండగా
నాలుగు కాళ్ల మీద నడిచాను.
సోమ్లా నవ్వలేదు.
"తల ఇంకా దించు సారూ,
దుమ్ములగొండి అట్టా ఎత్తుకు నడవదు."

దాని కోసమే ఇదంతా.
క్వారీ పేలుళ్లకి ఎప్పుడో పోయిందన్నారు అందరూ.
సోమ్లా ఒక్కడే, సున్నం ముద్దలా తెల్లటి పెంట చూశానని,
బొమికలు నమిలేదానికే అంత తెలుపని.

ఆదివారం సాయంత్రాలు బ్రాడీపేట మేడ మీద గదిలో
గళ్ల కాయితం నింపేవాళ్లం.
నక్క పద్నాలుగు.
జంగపిల్లి మూడు.
పునుగు ఒకటి, అదీ తోక.
ఊరకుక్కలు అరవై రెండు.
మనిషి ముప్పై ఒకటి.

మనుషుల్ని లెక్క రాసి తుడిచెయ్యాలి, అది పద్ధతి.
కట్టెలమోపు దించి
ఎవరూ లేరనుకుని చెట్టుకి ఆనుకుని
ఒకామె ఏడ్చింది, మూడు ఫొటోలు.
మెహజబీన్ మొహం తిప్పుకునే తుడిచింది.
మర్నాడే సోమ్లాకి ఫోన్ చేసి
ఆ కెమెరా వేరే చెట్టుకి మార్పించాం.

మిగతా మనుషుల్లో ఎక్కువసార్లు నేనే.
ప్రతి కార్డుకీ మొదటి ఫొటో:
నోట్లోంచి ఆవిరి, దెయ్యం కళ్లు, నేల మీద రెండు చేతులు.
"ఈయన్ని ఏ గడిలో వెయ్యను?" అనేది.

పుష్యమాసం చివర, అయిదో కెమెరా కార్డు.
ఆరూ పన్నెండు: నేను. తల బాగానే దించాను.
ఆరూ ఇరవై ఒకటి:
ఒక వాలు వీపు, దాని మీద నిలువు చారలు,
నిక్కబొడిచిన జూలు.
తర్వాతది: నేను కూర్చుని అరటిపండు తిన్న రాయి,
రాయికి ఆనించిన ముక్కు.
ఆ తర్వాతది: కెమెరాకి దగ్గరగా మొహం,
కళ్లు గట్టిగా మూసుకుని, పళ్లు బయటపెట్టి.
"కోపం" అన్నాను.
"కాదు" అంది మెహజబీన్, నా చేతులకేసి చూస్తూ.
"తుమ్ము."

ఇరవై ఏళ్లుగా ఏ సబ్బుకీ పోని మిరప ఘాటు.

ఒకటి అని రాసింది, ఒత్తి ఒత్తి.
పద్ధతి ప్రకారం ఆరూ పన్నెండుని తుడిచేసింది.
సోమ్లాకి ఫోన్ చేస్తే "చెప్పలా?" అని పెట్టేశాడు.

సోమవారం రాత్రి డ్యూటీ. లోపల ఆరు డిగ్రీలు.
టిక్కీల సందులో ఎవరూ లేరు.
తల కాస్త దించి
ఆ చివరి దాకా నడిచాను.
ఎక్కడా ఎర్ర చుక్క వెలగలేదు.