కత్తి ఉన్న చోట

జెనోవాలో, రేవు వైపు కిటికీ ఉన్న గదిలో
ఓర్సోలా పాత కాగితాలకి వైద్యం చేస్తుంది.
ఇవాళ బల్ల మీదికి ఒక సిపాయి వచ్చాడు.
నిండా జానెడు లేడు.

కలం గీసింది తక్కువే.
మిగతాదంతా నీళ్లు కలిపిన సిరా:
భుజం మీద పల్చగా, తొడ దగ్గర చిక్కగా,
కాళ్ల కింద నీడ, ఇప్పుడే తుడిచిన గచ్చులా.
ఒక కాలికి జోడుంది.
రెండోది గీసేలోపు పొద్దు పోయినట్టుంది.

కత్తి దగ్గర మాత్రం ఆ చెయ్యి ఆగలేదు.
సిరా మీద సిరా, మళ్లీ సిరా.
అందులోని ఇనుము మూడొందల చిల్లర ఏళ్లు
తీరిగ్గా కాగితాన్ని తినేసింది.
ఇప్పుడు కత్తి లేదు,
కత్తంత చిల్లు.
అందులోంచి బల్ల చెక్క కనిపిస్తోంది.

తిప్పి చూస్తే వెనక చీమల బారు అక్షరాలు:
"మూటలు మోసే లజ్జరీనోకి, పూటంతా నిలబడ్డందుకు
రెండు రొట్టెలు. చీపురుకర్ర తిరిగిచ్చేశాడు."

నవ్వొచ్చింది ఓర్సోలాకి.
మళ్లీ ఆ భుజం చూసింది.
అది ఒక పక్కకి ఒరిగింది కవచం బరువుకి కాదు,
ఉప్పు బస్తాలకి.

"వెనకంతా అట్ట అంటించెయ్, గట్టిగా ఉంటుంది"
అన్నాడు పెద్దాయన, కోటు తొడుక్కుంటూ.
ఊఁ అంది.
గంజి పల్చన చేసి
ఉల్లిపొరలాంటి కాగితం, చిల్లు మేరకే,
ఊపిరి బిగబట్టి అతికింది.
రొట్టెల లెక్క జోలికి పోలేదు.

ఆరాక కిటికీకి ఎత్తి పట్టుకుంటే
పిడికిట్లో సన్నటి వెలుతురు పట్టుకుని
నిలబడే ఉన్నాడు, ఒంటి జోడుతో,
పూట ఇంకా అవనట్టు.