చేబదులు ఎండ

టాంపెరెలో నవంబరు ఎండ
చేబదులిచ్చినట్టే వస్తుంది,
గంట తిరక్కుండానే అడిగి పట్టుకుపోతుంది.
ఆ గంట కోసమే ఇల్పో
యాభై ఏళ్ల డెకాల్ కాగితాన్ని
ప్లాస్టిక్ సంచిలో పెట్టి కిటికీ అద్దానికి అంటించాడు.
టీ మరకలా పట్టిన పసుపు
మార్చికి గానీ వదల్లేదు.
"కర్టెన్లకెప్పుడైనా ఇంత సేవ చేశావా?" అంది రౌని.

వార్నిష్ పూత. ఓ రాత్రి ఆరడం.
గోరువెచ్చని నీళ్లు, కుంచె మొన, బిగబట్టిన ఊపిరి.
రెక్క మీది నీలం గీత
జారి, జంకి, కుదురుకుంది.
తోక మీది మూడంకె మాత్రం
నీళ్లలోనే రెండు ముక్కలైంది.

పారెయ్యలేదు.
ముక్కలు దగ్గరికి నెట్టి
వెనిగర్ వాసనేసే ద్రవం ఒక్క చుక్క వేశాడు.
అతుకు కనిపిస్తూనే ఉంది.
"తూటా గీసుకుపోయిందనుకుంటార్లే."
రౌని కళ్లజోడు సర్దుకుని వంగి చూసింది.
"ఎవరు?"