వదిలేవాడు

నా పని వదలడం.
గుంతకల్లు డీజిల్ షెడ్డు వెనక, రైల్వే గ్రౌండు నడిమధ్య
ఎర్రిస్వామి పిడి పట్టుకుని నిలబడతాడు.
వాడికీ నాకూ మధ్య యాభై అడుగులు,
రెండు తీగలు.
ఎండలో కనపడవు,
కాలికి తగిలితే మాత్రం తెలుస్తాయి.
దస్తగిరి పంకాని వేలితో కొడతాడు,
ఒకసారి, పదిసార్లు, గోరు చిట్లేదాకా.
ఇంజను దగ్గుతుంది, ఉమ్ముతుంది, అలుగుతుంది,
ఉన్నట్టుండి కందిరీగల తుట్టెలా రేగుతుంది.
నేను మోకాళ్ళ మీద, తోక పట్టుకుని,
మొహం నిండా ఆముదం తుంపర.
ఎర్రిస్వామి తలూపుతాడు.
వదిలేస్తాను.

అది పుట్టింది దస్తగిరి వాళ్ళ సైకిల్ షాపులో.
బల్సా చెక్క కలకత్తా నుంచి పార్శిల్లో దిగింది,
ముగ్గురివీ మూడు నెలల టీ డబ్బులు.
చేతిలో పెడితే బొరుగుల పొట్లమంత.
షేవింగ్ బ్లేడుతో పద్నాలుగు పక్కటెముకలు కోశాం,
పదిహేనోది నా బొటనవేలు.
చక్రాలు తెగిన హవాయి చెప్పువి,
నూనె తొట్టి డాల్డా డబ్బా రేకుది.
ఈథరు రైల్వే ఆసుపత్రి కాంపౌండరు ఇచ్చినాడు,
ఎందుకని అడగలేదు,
"ఎగిరేనాడు నాకూ చెప్పండ్రా" అన్నాడంతే.
ఆముదానికి పోతే గానుగ సుంకమ్మ
కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది:
"ఇమానానికి గూడా కడుపు కట్టిందేమిరా?"

మా వైపు ఆషాఢం గాలి వాన తేదు.
దుమ్ము తెస్తుంది, పక్కింటి చీర తెస్తుంది.
ఆ గాలిలోనే పల్టీ కొట్టించాలని ఎర్రిస్వామి పంతం.
తలకిందులుగా ఎగిరేటప్పుడు
పైకి లాగితే కిందకి పోతుంది,
కిందకి వంచితే పైకి.
చేతికి నేర్పడం సులువే,
భయానికి నేర్పడమే కష్టం.
నెల పొద్దులు చీపురు పుల్లకి కాగితం గుచ్చుకుని
మిద్దె మీద గిరగిరా తిరిగినాడు.
వాళ్ళ నాయన దిష్టి తీయించినాడు.

ఒక పల్టీ. రెండు.
షెడ్డు గోడెక్కిన ఖలాసీలు ఈలలు.
మూడోదానికి గాలి ఎదురు తిరిగి
విమానాన్ని లోపలికి నెట్టింది.
తీగలు సడలినాయి.
సడలినంతసేపు అది ఎవరిదీ కాదు,
వాడిదీ కాదు, గాలిదీ కాదు.
తర్వాత నేలది.
అంత రొద చేసింది కదా,
పడినప్పుడు అప్పడం విరిగినంత చప్పుడే.

ఎవరం మాట్లాడలేదు.
ఒక ఖలాసీ తలగుడ్డ విప్పి పరిచినాడు,
ముక్కలన్నీ అందులో ఏరినాం.
దస్తగిరి ఇంజనుని కిరసనాయిల్లో కడిగి
నోట్లో మన్ను ఊది
పంకాని మెల్లగా ఒక చుట్టు తిప్పి
చెవి దగ్గర పెట్టుకున్నాడు.
"బతికే ఉండాదిరా."

రెండో విమానం దీపావళి దాటినాక లేచింది.
ఎర్రిస్వామి పిడి నా చేతిలో పెట్టినాడు.
"నాకు కళ్ళు తిరుగుతాయిరా."
"విమానాన్ని చూడు, ఊరిని చూడొద్దు.
ఊరిని చూస్తే పడిపోతావ్."

చూశాను.
దాని వెనక నీళ్ళ ట్యాంకు, సిగ్నలు, మసీదు మినారు, బొగ్గు గుట్ట
మళ్ళీ నీళ్ళ ట్యాంకు
తడి రంగు మీద చెయ్యి రాసినట్టు.
పాలకి పరిగెత్తే దూడ పలుపు లాగినట్టు
భుజం దాకా ఒకటే గుంజుడు.
ఇన్నాళ్ళూ నేను వదిలింది ఇదా?
పల్టీ కొట్టించలేదు. ధైర్యం చాల్లేదు.
గుండ్రంగా, గుండ్రంగా, అంతే.

ఆముదం అయిపోయింది.
రొద ఆగినాక మొదటిసారి విన్నాను
గాలిని కోసే తీగల సన్నటి ఈల.
చక్రాలు నేల తాకినాయి,
నేను మాత్రం ఆగలేదు, గుంతకల్లూ ఆగలేదు.
ఊరు నెమ్మదించి తన చోటికి వచ్చేసరికి
అంత దూరంలో ఎర్రిస్వామి
ఇంకా మోకాళ్ళ మీదే, మొహమంతా జిడ్డు,
వదిలిన చెయ్యి ఇంకా మూయలేదు.