మూలం చూపవలెను

మూడో అంతస్తు కంప్యూటర్ గదిలో
పద్దెనిమిది మందిమి, పదకొండు కంప్యూటర్లు.
కిటికీ తెరిస్తే కొండ, తెరవకపోతే ఉక్క.
సుగుణాకరం సారు బోర్డు మీద రాసినారు:
"విజ్ఞాన సర్వస్వంలో 'నేను' ఉండదు."
రాసి, చాక్‌పీసు పొడి దులుపుకున్నారు.

అంశాలు చీటీలేసి పంచినారు.
చెంగల్రాయులుకి భూమి కమతాలు,
దిల్షాద్‌కి బడి మానేసిన ఆడపిల్లలు,
నాకు కూలి రేట్లలో తేడా.
చీటీ విప్పి నవ్వినాను.
ఎందుకని ఎవరూ అడగలేదు, మంచిదయింది.

మొదటి వాక్యం సులువుగా వచ్చింది:
"మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో
తొక్క తీసే పని ఆడవాళ్లది,
ట్రేలు ఎత్తే పని మగవాళ్లది."
రెండో వాక్యం దగ్గర చెయ్యి ఆగలేదు:
"అవే పన్నెండు గంటలకు
ఆడమనిషి చేతికి నూట ఎనభై తక్కువ."
మూడోది దానంతట అదే వచ్చేసింది:
"సొన పడిన చోట చర్మం కమిలి
ఆషాఢం పోయినా అన్నం కలపనివ్వదు."

సాయంత్రానికి రెండో వాక్యం పక్కన
చిన్న నీలం అక్షరాలు: మూలం చూపవలెను.
మూడోది మొత్తం కొట్టేసి ఉంది.
కారణం: వర్ణన. తటస్థంగా లేదు.

మూలం.
మా అమ్మ చెంగమ్మ, తవణంపల్లె.
కుడి చెయ్యి, చూపుడువేలు మొదలుకొని మణికట్టు దాకా.
ప్రచురణ కాలం: నేను ఏడో తరగతి.
పుట సంఖ్య లేదు.
సారు బాధగానే చెప్పినారు,
"నీకు తెలిస్తే చాలదమ్మా,
ఎవరో ఒకరు అచ్చేసి ఉండాల."

లైబ్రరీలో నాలుగు రోజులు.
నివేదికల్లో టన్నులున్నాయి,
ఓడెక్కిన డ్రమ్ములున్నాయి,
బెంగళూరా కాయలో తీపి ఎంతో
రెండు దశాంశాల దాకా ఉంది.
తొక్క తీసినోళ్లు "తదితరులు".
చివరికి ఒక పాత పరిశోధన గ్రంథం,
అట్ట సగం చెదలు తిన్నది.
నూట నలభయ్యో పుట అడుగున, చిన్నక్షరాల్లో:
"స్త్రీల వేతనం తక్కువగా ఉన్నట్టు గమనించడమైనది."
గమనించడమైనది.
ఎవరు గమనించినారో,
గమనించి ఆ పూట ఏం తిన్నారో లేదు.
అయినా ఆ పుట మీద చెయ్యి పెట్టుకుని
కాసేపు కూర్చున్నాను,
పారిపోతుందేమో అన్నట్టు.

ఇంకో సంగతి చెప్పాల.
దిల్షాద్ వ్యాసం సరిచూసింది నేనే.
"మా అక్క" అన్నచోట ఎర్రగీత పెట్టింది నేనే.
"మూలం ఏది?" అని పక్కన రాసిందీ నేనే.
ఆమె ఏమీ అనలేదు.
క్యాంటీన్లో నా టీకి కూడా తనే డబ్బులిచ్చింది.

నా వ్యాసం ఇప్పుడు ఐదు వాక్యాలు.
కింద పెట్టె కట్టి ఒక మాట:
ఈ వ్యాసం ఒక మొలక.

అమ్మ రాత్రి షిఫ్టుకు పోయేలోగా
హాస్టల్ మెట్ల మీద నుంచి ఫోన్ చేసి
అంతా చదివి వినిపించినాను.
"నా పేరు యాడుండాది?" అనింది.
పేర్లు పెట్టరమ్మా.
"మేస్త్రీ పేరు?"
అదీ లేదు.
"అట్టయితే సరే," అని నవ్వింది.
మొలకంటే ఏందో చెప్పినాను.
"ఫ్యాక్టరీ వెనక టెంకల గుట్ట చూసినావు గదా మే.
నాలుగు చినుకులు పడితే వేలు మొలుస్తాయి.
ఒక్కటీ చెట్టు కాదు ఆడ.
పీకి, ఇంకోచోట నాటాల ఎవురైనా."
అవతల సైరన్ మోగింది. పెట్టేసింది.

కొండ దారిలో దీపాలు వెలిగినాయి.
వాచ్‌మన్ తాళం వేయకముందే పైకి పోయి
చర్చ పేజీ తెరిచినాను,
అక్కడ 'నేను' ఉండొచ్చంట.
"కొట్టేసిన మూడో వాక్యానికి
నేను మూలం వెతుకుతున్నాను.
ఎవరికైనా దొరికితే తెలపండి.
దొరక్కపోతే
సీజన్ అయిపోయేలోగా తవణంపల్లె రండి,
భోజనం వేళకు."