చేప ఆగదు

సఫీ రేవులో సైరన్ మోగితే
రాత్రి రెండైనా లేచి పరుగెత్తేవాళ్లం.
పడవ వస్తే పని, రాకుంటే పస్తు.
తల తుంచు, పేగు లాగు, డబ్బాలో పేర్చు,
పెట్టెకి ఇంతని చిల్లర.
చేతి తొడుగులైనా ఇమ్మని ఎనిమిదేళ్లు అడిగాం.
మేస్త్రీ లహ్సెన్ వినేవాడు,
పాపం, తల కూడా ఊపేవాడు.

ఆగస్టులో ఒక రాత్రి
మహ్జూబా కత్తి కింద పెట్టింది.
అరవలేదు. జెండా లేదు.
బోర్లించిన పెట్టె మీద కూర్చుని
గోళ్ల సందుల్లో పొలుసులు తీసుకుంటూ అంది:
"మనం ఆగగలం. చేప ఆగదు."

నూట పద్నాలుగు కత్తులు కిందికి దిగాయి.
నాది అన్నిటికంటే ఆఖరున.
అబద్ధమెందుకు, భయపడ్డాను.

మంచు కరిగి మా కాళ్ల కిందికి వచ్చింది.
నాలుగో గంటకి చేపల కళ్లు ఎర్రబారాయి,
ఆరో గంటకి పొట్టలు పగిలాయి.
ఏడో గంటకి యజమాని వచ్చాడు,
పైజామా మీద కోటు తొడుక్కుని,
ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని.
మొదటిసారి మా పేర్లు అడిగాడు.

పలుకుబడి అంటారే,
ఆ బడిలో మాకు పాఠం చెప్పింది
కుళ్లిపోతున్న చేప.

తొడుగులొచ్చాయి. నెలజీతం వచ్చింది.
మహ్జూబా ముందు సంఘానికి,
ఆ తర్వాత మునిసిపాలిటీకి వెళ్లింది.
మేమే ఓట్లేశాం, ఆడపడుచులతో, మరుదులతో వేయించాం.
ఆమెకి తిరిగే కుర్చీ ఇచ్చారు.
మాట పొదుపైంది.
మీటింగుకి ముందు ప్రతిసారీ
నిమ్మచెక్కతో చేతులు రుద్దుకునేదట.

మొన్న జూలైలో
చెత్తబండ్ల వాళ్లు వచ్చి నిలబడ్డారు.
వాళ్లకీ కావలసింది తొడుగులే.
"నిధుల్లేవు. బడ్జెట్ దాకా ఆగండి" అంది,
మా లహ్సెన్ లాగే తలూపుతూ.
వాళ్లలో ఇద్దర్ అని ఒక కుర్రాడు
చీపురు గుమ్మానికి అడ్డంగా పడుకోబెట్టాడు,
నిద్రపోయే బిడ్డని దించినట్టు.
"మేం ఆగుతాం, లల్లా. ఎండ ఆగదు."

నేను అక్కడే ఉన్నాను,
మా సందులో దీపం కోసం అర్జీ పట్టుకుని.
ఆమె వేళ్లు ముక్కు దాకా వెళ్లాయి.
ఇరవై ఏళ్లయినా పోదు ఆ వాసన,
మాలో ఎవరికీ.
కుర్చీ సగం తిరిగి ఆగింది.

నా అర్జీ మడిచి సంచిలో పెట్టుకున్నాను.
దీపం ఆగగలదు.
దాని ఖర్మ అదే.